ఆమె నేనే సార్

నాకు పీహెచ్‌డీ కావాల్సింది చదువు మీద పిచ్చితో కాదు. ఆళ్లగడ్డలో నేను పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీవాళ్లు, వచ్చే ఏడాదికి డాక్టరేటు లేకుంటే ఇంటికి పోవాల్సిందేనని తేల్చి చెప్పినారు. నంద్యాల రీసెర్చ్ సెంటర్లో థీసిస్ ఇచ్చేదానికి శుక్రవారం ఆఖరు. అది దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఎనిమిదేండ్ల కష్టం గంగలో కలిసినట్టే.

థీసిస్ శిరివెళ్ల పల్లెల్లో పత్తి ఏరే ఆడకూలీల మీద. రాసేదంతా ఎప్పుడో రాసేసినా. నా ప్రాణం తీసింది చివర పెట్టే పుస్తకాల జాబితా. దానికో సాఫ్ట్‌వేర్ ఉంది. ఎవరు రాసినారు, ఏ పత్రికలో వచ్చింది అని గడుల్లో నింపితే, అదే ఇంటిపేర్ల అక్షరాల వరసలో పేర్చి, థీసిస్‌లో ఆ పేరు వచ్చే ప్రతి చోటా తనే అతికిస్తాది. వినేదానికి బాగుంటాది. మనమైతే ఇంటిపేరును ఒక్క అక్షరం చేసి, పిలిచే పేరును నిండుగా రాస్తాం. దానిది తిరకాసు. ఇంటిపేరును నిండుగా నిలబెట్టి, పిలిచే పేరును తుంచి ఒక్క అక్షరం చేస్తాది.

నావి రెండు పేపర్లు అచ్చయినాయి. ఒకటి పెండ్లికి ముందు, పుట్టింటి పేరుతో. రెండోది పెండ్లయినాక, మొగునింటి పేరుతో. జాబితాలో ఒకటి మొదటి పేజీలో, ఇంకోటి ఆఖరి పేజీలో పడినాయి. నేను పట్టించుకోలేదు.

సోమవారం గైడు సారు పిలిపించినాడు. పాత సారు రిటైరైతే కొత్తగా వచ్చినాయన, నా సంగతేమీ తెలీదు. జాబితాలో ఒక పేరు కింద ఎర్రగీత గీసి, ఈమెవరో చానా బాగా రాసిందమ్మా, నీ రెండో అధ్యాయమంతా ఆమెదే, కాపీ కొట్టినట్టుంది అన్నాడు.

"ఆమె నేనే సార్."

ఆయన కండ్లద్దాలు తీసి నన్ను చూసినాడు. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెలీలేదు. నా మాటనే నేను కాపీ కొట్టినానంట! చర్చిలో ఇచ్చిన పెండ్లి సర్టిఫికెట్టు తెచ్చి చూపిస్తే నమ్మినాడు గానీ, జాబితాలో ఇద్దరుంటే కుదరదు, రిజిస్ట్రేషన్‌లో ఉండే పేరొక్కటే పెట్టమన్నాడు. అంటే మొగునింటిది.

బస్సులో వస్తాంటే కడుపు మండిపోయింది. ఇంట్లో మా ఆయనకు చెప్తే, పేరు మారిస్తే పనైపోతాది కదా, దానికింత రంపేందీ అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆయన పేరు పుట్టినప్పటి నుంచీ ఒకటే. నేను సాఫ్ట్‌వేర్‌లో మొదటి పేపరు గడిలో పుట్టింటి పేరు చెరిపి, ఆయన ఇంటిపేరు కొట్టినా. నలభై మూడు చోట్ల ఒక్కసారే మారిపోయింది. ఆ పేపరు కోసం మండుటెండలో చేన్లెంబడి తిరిగిన పిల్ల నా థీసిస్‌లో యాడా లేకపాయ. బాధగా ఉండింది, దాచేదేముంది.

శుక్రవారం ఐదు కాపీలు బైండింగ్ చేయించుకోని ఆఫీసుకు పోయినా. క్లర్కు, వెనక జతచేసిన పేపర్ల జిరాక్సులు, జాబితా పక్కపక్కన పెట్టి చూసినాడు. జిరాక్సు మీద వేరే ఆమె పేరుంది, మీరు ఆమె పేపరును మీ పేరున రాసుకున్నారే మేడం, ఇది తీసుకోను అన్నాడు. సర్టిఫికెట్టు చూపించినా. పత్రికలో ఏ పేరుంటే జాబితాలో అదే ఉండాలన్నాడు. సోమవారం కాపీ కొట్టినదాన్ని, శుక్రవారానికి దొంగనైనా.

పాత పేరు పెడితే సారు ఒప్పుకోడు. కొత్త పేరు పెడితే ఈయన ఒప్పుకోడు. వరండాలో కూలబడి లాప్‌టాప్ తెరిచినా. ఇద్దరూ ఒకరేనని రాసేదానికి గడి ఏమన్నా ఉందేమోనని వెతికినా. నోట్ అని ఒకటుంది. అందులో రాసింది స్క్రీన్ మీద కనిపిస్తాది గానీ అచ్చులో రాదు. అప్పటికే నాలుగున్నర. ఐదుకు తలుపులేస్తారు.

సారు దగ్గరికి పోయి కాళ్లావేళ్లా పడితే, ఆయనే వచ్చి క్లర్కుతో మాట్లాడి, జాబితాలో ఆ వరస పక్కన పెన్నుతో రాయమన్నాడు. ఐదు కాపీల్లోనూ రాసినా: పెండ్లికి ముందు ఈ పేరు, ఇప్పుడు ఈ పేరు, ఇద్దరూ నేనే.

క్లర్కు చదివి, కాపీని నా వైపు తిప్పినాడు. "కింద సంతకం పెట్టండి మేడం."

"ఎవరిది?" అని అడిగినా.

ఆయన గోడ గడియారం చూసినాడు. ఐదుకు ఇంకా ఆరు నిమిషాలుంది. ఐదు చోట్లా మొగునింటి పేరుతోనే పెట్టినా.