నా తల మీద ఒట్టు

మా అమ్మానాన్నల విడాకుల పంచాయితీ మౌలాలిలో, మా మేనమామ ఇంటి డాబా మీద జరిగింది. అప్పుడు నేను రెండో తరగతి. నన్ను మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, చేతిలో ఉల్లి సమోసా పెట్టారు. మా వాళ్లు నన్ను అంత మర్యాదగా చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

నాన్న వైపు వాళ్లది ఒకటే మాట. పిల్లను తల్లి ఉంచుకోవచ్చు, కానీ పిల్ల ఖర్చులకని ఎప్పుడూ ఏమీ అడగకూడదు. అడిగేట్టయితే పిల్లను ఇవ్వరు. అమ్మకు నేను కావాలి. అంతకు మించి ఆమె ఆలోచించలేదు. ఆలోచించుకొమ్మని ఎవరూ అనలేదు కూడా.

"గిప్పుడు సరే అంటది. రేపు మనసు మారితే? కాగితంల ఏమైనా రాస్తరు. బిడ్డ తల మీద చెయ్యేసి చెప్పమనుండ్రి" అంది మా మేనత్త.

అమ్మ లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. "నా బిడ్డ మీద ఒట్టు. పైసా అడగ" అంది. నేను మాత్రం సమోసా తింటూనే ఉన్నాను.

తర్వాత ఫ్యామిలీ కోర్టులో జడ్జి మేడమ్, బిడ్డకు కూడా ఏమీ వద్దా అని అడిగారట. "వద్దు మేడమ్" అంది అమ్మ. "నీకు వద్దంటే నీ ఇష్టం. బిడ్డకు రావాల్సింది వద్దనడానికి నువ్వెవరమ్మా?" అన్నారట ఆవిడ. అమ్మకు అది తిట్టులాగే వినిపించింది. ఇన్నేళ్లలో ఆ సంగతి ఎప్పుడు చెప్పినా, జడ్జి కోపిష్టిదని చెప్పి ఊరుకునేది.

నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అమ్మ జనరల్ బజార్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్లో పనికి కుదిరింది. పగలంతా చీరల రంగుకు జాకెట్ గుడ్డలు వెతికి ఇచ్చేది, ఇంటికొచ్చాక ఫాల్స్ కుట్టేది. నా ఇంటర్ దాకా అలాగే లాక్కొచ్చింది. ఆ తర్వాత నాకు ఫిజియోథెరపీలో సీటు వచ్చింది. ఫీజు కట్టడం అమ్మ వల్ల అయ్యే పని కాదు. చదవాలన్న ఆశ నాకు పిచ్చిగా ఉండేది.

అమ్మ ఫాల్స్ కుట్టి ఇచ్చే ఇళ్లలో సైనిక్‌పురిలో ఒక లాయరమ్మ ఇల్లు ఉంది. చీరలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆవిడకు అంతా చెప్పాను. ఆవిడ నవ్వింది. "అమ్మానాన్న ఒప్పందం చేసుకుంటే నీ హక్కు పోతుందా? అది వాళ్లది కాదు, నీది. పెళ్లికాని కూతురివి. నువ్వే అడగొచ్చు. ముందు నోటీసు పంపుదాం" అంది. బస్సులో ఇంటికి వస్తూ ఎన్నేళ్లకో నాకు ధైర్యంగా అనిపించింది.

అమ్మ మాత్రం విని గోడకు ఆనుకుని కూలబడింది.

"ఒట్టేసింది నేనే. పోయేది నువ్వు" అంది.

"అమ్మా, నువ్వు అడుగుతలేవు కదా. అడిగేది నేను."

"ఎవరడిగితే ఏంది? నీ పేరు మీదనే కదా ఒట్టు."

రెండు రోజులు పోట్లాడుకున్నాం. మూడో రోజు నాకు జ్వరం వచ్చింది. డెంగ్యూ. వానలు పడితే మా గల్లీలో ఇంటికొకరికి వస్తుంది. ఎదురింటి తాతకు వచ్చింది, ఆయన మీద ఎవరు ఒట్టేశారు? ఆ మాటే అమ్మను అడిగాను. అమ్మ వినే స్థితిలో లేదు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని డాక్టర్ అనేసరికి నా మంచం పక్కన నేల మీద కూర్చుని, రెండు చేతులతో తన తల బాదుకుంది. నాకు చావు భయం లేదు. అమ్మను చూస్తుంటే భయం వేసింది.

సెలైన్ ఎక్కుతుండగానే లాయరమ్మ ఫోన్ చేసింది. నోటీసు తయారైంది, పంపమంటావా అని అడిగింది. అమ్మ నా మొహంలోకే చూస్తోంది.

"వద్దు మేడమ్" అన్నాను.

ఆ సాయంత్రమే జ్వరం దిగడం మొదలైంది. డెంగ్యూ అలాగే వస్తుంది, అలాగే పోతుంది. కానీ ఇక అమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేరు. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "సూసినవా, తగ్గింది" అని నవ్వింది. ఇన్నేళ్లలో అమ్మ అంత తృప్తిగా నవ్వడం నేను చూడలేదు. నాకు అరిచి ఏడవాలనిపించింది. నేను ఆసుపత్రిలో ఉండగానే ఫీజు గడువు దాటి సీటు వేరేవాళ్లకు వెళ్లిపోయింది.

ఇప్పుడు బేగంపేటలో ఒక ఆఫీసు రిసెప్షన్లో కూర్చుంటున్నాను. మొన్న లాయరమ్మ చీరలు తీసుకోవడానికి ఇంటికే వచ్చింది. "ఇప్పటికైనా కేసు వేద్దామా? నీ హక్కు ఎక్కడికీ పోలేదు" అంది. అమ్మ సూది ఆపి నా వైపు చూసింది. టీ పెడతానని నేను లోపలికి వెళ్లాను.

పొద్దంతా ఏసీలో కూర్చుని సాయంత్రానికి నాకు తలనొప్పి వస్తుంది. అమ్మకు చెప్పను. మెట్రోలోనే మాత్ర వేసుకుని ఇంటికి వస్తాను.