బావ పెట్టిన సొట్ట

మా బావకి నునుపు పిచ్చి. టింకరింగ్ షాపులో కార్ల సొట్టలు తీస్తాడు. తీసిన చోట వేలితో రాసి చూసుకుని, కారు యజమానిని కూడా రాయమంటాడు. "ఎక్కడ తగిలిందో చెప్పండి చూద్దాం" అంటాడు. ఆయన చెప్పలేకపోతే బావ మొహం వెలిగిపోతుంది. పెళ్లిచూపులకి మా ఇంటికి వచ్చినప్పుడు మా అక్కను చూడడం మానేసి బీరువా తలుపు తడిమాడని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటి మనిషిని ఆయన కూతురే సినిమాలోకి లాగింది. మరమనుషులు రాజ్యమేలే కాలం, గుక్కెడు నీళ్లకి మనుషులు వాటి ముందు వరుస కట్టే కథ, మధ్యలో బోలెడు ఫైటింగులు. చేతిలో మాత్రం పైసా లేదు. కెమెరా అద్దెది, కెమెరామన్ నేను, సెట్టు ఒక పాడుబడ్డ గోదాము. లోపల మనిషి దూరి ఆడించే మరమనిషిని తయారుచేసే పని నాన్నకి అప్పగించింది.

బావ పాత ఫ్రిజ్ తలుపులూ వాషింగ్ మెషిన్ రేకులూ కొట్టికొట్టి మనిషిని చేశాడు. ఎక్కడా అతుకు కనబడదు, ఒక్క స్క్రూ కూడా బయటికి తేలదు. తలని పట్టి ఉంచే క్లిప్పు సైతం లోపలే, కుడి చెవి వెనక. మెడ దగ్గరి సందులో వేలు పెట్టి నొక్కితే ఊడుతుంది. గాలికి కూడా ఆ సందే దిక్కు.

"రెండు చిల్లులు పెట్టు బావా" అన్నాను.

"పెడితే జల్లెడలా ఉంటుందిరా" అన్నాడు.

తీరా తొడగబోతే, ఆ వేషానికని పిలిచిన ఫైటర్‌కి భుజాలు పట్టలేదు, నాకు పొట్ట పట్టలేదు.

"ఎవరి కొలతలు నాన్నా ఇవి?" అని అమ్మాయి తల పట్టుకుంది.

"కొలతలేం తీసుకోలేదమ్మా. చేతికి వచ్చినట్టు కొట్టాను" అని నసిగాడు.

చివరికి టీ తెచ్చిన మా అక్క సరదాకి తొడుక్కుంటే కుట్టించినట్టు సరిపోయింది. బావ చెవులు ఎర్రబడ్డాయి. నేను వదులుతానా? షూటింగ్ అయ్యేదాకా ఆయన్ని ఏడిపిస్తూనే ఉన్నాను. మరమనిషి వేషం మాత్రం అక్కకే ఖాయమైంది.

ఆఖరి ఫైటులో మరమనిషి గోడకి గుద్దుకుని పడాలి. అక్క బాగానే పడింది, కానీ లేవలేదు. మెడ రేకు నొక్కుకుపోయి సందు మూసుకుపోయింది. వేలు కాదు కదా, గుండుసూది కూడా దూరదు.

"ఊపిరాడట్లేదు" అని లోపలి నుంచి సన్నగా వినబడింది. మా అక్క గొంతు అంత సన్నగా నేనెప్పుడూ వినలేదు. అమ్మాయి "అమ్మా" అంటూ పక్కనే కూలబడిపోయింది.

ఫైటర్ తలని లాగబోతే పట్టు దొరకలేదు, అంత నునుపు. విప్పుదామంటే బయట ఒక్క స్క్రూ లేదు. కోసే మిషను మనిషి తలకి ఆనించలేం. బావ మోకాళ్ల మీద కూర్చుని కుడి చెవి వెనక రేకుని బొటనవేలితో తడిమాడు. అక్కడ కొడితే రేకు వంగి క్లిప్పుని నొక్కుతుంది. ఇంకాస్త వంగిందంటే అక్క తలే. సుత్తి ఎత్తి, మళ్లీ దించాడు.

"తగిలితే?" అన్నాడు నాతో, చిన్నపిల్లాడిలా.

"తగిలితే తగలనివ్వండి. కొట్టండి" అంది అక్క లోపలి నుంచి.

ఒక్క దెబ్బకి టక్కున ఊడింది. చెమటతో తడిసిన అక్క మొహం బయటపడింది. ఆబగా గాలి పీల్చుకుని, "చిల్లులు పెట్టమని తమ్ముడు చెప్పాడా లేదా?" అని మొదలుపెట్టింది. ఆ తిట్లు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. బావ తిట్లు తింటూనే కళ్లనీళ్లు తుడుచుకుని, ఆమె చెవి వెనక వేలితో రాసి చూశాడు. ఎక్కడా ఏమీ తగల్లేదు.

స్టాండు మీద కెమెరా తిరుగుతూనే ఉందని మాకు తర్వాత తెలిసింది. అమ్మాయి కథ మార్చేసి, దాన్నే సినిమాకి ముగింపుగా పెట్టుకుంది.

ఇప్పుడు ఆ మరమనిషి షాపు గుమ్మంలో నిలబడి ఉంది, తల నిండా చిల్లులతో. మొన్న కారు తెచ్చినాయన దాని చెవి వెనక వేలు పెట్టి, "ఈ సొట్ట తియ్యలేదేం?" అని అడిగాడు.

"అది తగిలింది కాదండీ, నేను పెట్టింది" అన్నాడు బావ. "దాన్ని ముట్టుకోకండి."