రెండో దూదిముద్ద

ఆ రోజుల్లో నాకు రెండే పనులు వచ్చు. ఒకటి ఫోటోలు తీయడం, రెండోది కోపం తెచ్చుకోవడం. మొదటిదానికంటే రెండోది కాస్త బాగా వచ్చేదని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకేమీ సిగ్గు లేదు. కువైట్ సిటీలో పాత సూక్ బజారు వెనక ఒక ఇరుకు స్టూడియోలో పనిచేసేవాణ్ణి. అకామా (అక్కడ ఉండి పనిచేసుకోనిచ్చే కార్డు) ఫోటోలు, పాస్‌పోర్టు ఫోటోలు. వచ్చినవాణ్ణి పరదా ముందు స్టూలు మీద కూర్చోబెట్టి "నవ్వొద్దు" అని చెప్పడమే నా ఉద్యోగం. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా లోకాన్ని నవ్వొద్దు నవ్వొద్దు అంటుంటే మన మొహం ఎలా తయారవుతుందో మీరే ఊహించుకోండి. మధ్యమధ్యలో రిగ్గై వైపు హోటళ్ళకు మెనూ ఫోటోలు తీయడానికి పంపేవారు. అక్కడే తిండిని ఫోటో తీసే విద్య నేర్చుకున్నాను. కబాబు మీద బ్రష్షుతో నూనె పూస్తే నిగనిగలాడుతుంది. దూదిని నీళ్ళలో ముంచి, మైక్రోవేవ్‌లో కాచి, అన్నం వెనక దాచిపెడితే అప్పుడే దించినట్టు ఆవిరి లేస్తుంది. (ఆ ఫోటోలు చూసి లొట్టలు వేస్తూ హోటలుకు వెళ్ళినవాళ్ళందరికీ ఈ సందర్భంగా క్షమాపణలు.)

జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో మా చిన్నమ్మ వంటమనిషి. మా అమ్మకు సొంత చెల్లెలు. రాయచోటి దగ్గర పల్లెలో కూతుర్ని అవ్వ దగ్గర వదిలి వచ్చేనాటికి, ఆ ఇంటి పిల్లవాడికి నెల కూడా నిండలేదు. పదకొండేళ్ళు వాణ్ణి చేతులమీద పెంచింది. వాణ్ణి మాత్రం 'చిన్న కఫీలు' (వీసా ఇచ్చిన యజమానిని అక్కడ కఫీలంటారు) అనేది, వాడు అలిగినప్పుడు కూడా. ఇక్కడ వాడికి పదకొండేళ్ళు వచ్చేసరికి అక్కడ ఆమె కూతురికి పెళ్ళయి, నెలలు నిండాయి. తొలికాన్పు. చిన్నమ్మ సెలవు అడిగి మూడేళ్ళయింది. ఆ ఇంటావిడను అక్కడి పనివాళ్ళందరిలాగే చిన్నమ్మ కూడా మామా (అంటే అమ్మగారు) అనే పిలిచేది. రంజాన్ అయ్యాక అంది మామా, తర్వాత పిల్లవాడి పరీక్షలయ్యాక అంది, ఆ తర్వాత ఎండలు తగ్గాక అంది. చివరికి చలికాలంలో ఒక మాట ఇచ్చింది. పిల్లవాడి స్కూలు జట్టు బేస్‌బాల్ ఫైనలుకు వచ్చింది, గెలిస్తే జట్టు మొత్తానికి ఇంట్లో భోజనం, అది సవ్యంగా జరిగితే పాస్‌పోర్టు చేతికిస్తాను, పోయి రా అని. ఆ ఆటను జన్మలో ఒక్కసారైనా చూడని మా చిన్నమ్మ, కువైటీ పిల్లవాడి జట్టు గెలవాలని మా ఊరి గంగమ్మకు టెంకాయ మొక్కుకుంది.

మామాకు ఫోటోలు కావాలి. ఒకటి భోజనం, వడ్డించకముందు నిండుగా. రెండోది అంతకంటే ముఖ్యం: గెలిచినప్పుడు పిల్లలందరూ ఒకరి మీద ఒకరు పడి కేరింతలు కొడతారు కదా, ఆ గుంపులో తన కొడుకు మొహం కనపడాలి, పెద్దది చేయించి హాల్లో గోడకు పెట్టాలి. "మా అక్క కొడుకుండాడు మామా, పెద్ద ఫోటోగ్రాఫర్" అని చిన్నమ్మ పూచీపడింది. నాకు ఫోన్ చేసి మాత్రం ఇంకో రకంగా చెప్పింది.

"రేయ్, ఈ ఒక్క పొద్దు నోరు మూసుకోని ఫోటోలు తియ్. నీ కోపం నీ రూములోనే పెట్టి బీగం వేసి రా. నా బిడ్డకు నెలలు నిండినాయి, తెలుసు కదా."

"తెలుసులే చిన్నమ్మా."

"తెలిస్తే సరి. తెలిసినోళ్ళే కొంపలు ముంచేది."

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. బేస్‌బాల్ గురించి నాకు అప్పటికి ఒక్క ముక్క తెలియదు. తెలియదన్న సంగతీ తెలియదు. శనివారం పొద్దున స్కూలు మైదానంలో చూస్తే ఒకడు బంతి విసురుతున్నాడు, ఒకడు కర్రతో కొడుతున్నాడు. క్రికెట్టే, పాపం వికెట్లు తెచ్చుకోవడం మరిచిపోయినట్టున్నారు అనుకున్నాను. చిన్నప్పటినుంచి చెరుకు తోటల పక్కన, బస్టాండు వెనక, ఎక్కడ చదునైన నేల దొరికితే అక్కడ ఆడినవాణ్ణి, నాకు ఒకరు చెప్పేదేమిటి? ఒక కుర్రాడు కొట్టిన బంతి పక్క కంచె దాటి కార్ల మీద పడితే "సిక్సర్" అని గట్టిగా చప్పట్లు కొట్టాను. మైదానం మొత్తంలో చప్పట్లు కొట్టింది నేనొక్కణ్ణే; పక్కకు పోయిన బంతికి ఆ ఆటలో లెక్క లేదట. కుర్చీలో కూర్చున్న మామా నల్లకళ్ళద్దాలు కొంచెం దించి నన్ను చూసింది.

ఆట చివరికొచ్చింది. రెండు జట్లూ సమానం. మన చిన్న కఫీలు కర్ర పట్టుకుని వచ్చాడు. వీడు కొడితే గెలుపు, అంతవరకు నాకూ అర్థమైంది. కెమెరా కంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి బంతులు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. కొన్ని వదిలేశాడు, ఒకటి పక్కకు కొట్టాడు. అయిదు, ఆరు. ఓవర్ అయిపోయింది. ఓవర్ అయితే ఏం జరుగుతుంది? బౌలింగు అవతలి కొసనుంచి జరుగుతుంది, కాబట్టి కొట్టేవాడి మొహం ఇటు కనపడదు. బుద్ధున్న ఫోటోగ్రాఫరెవడైనా అవతలి కొసకు వెళ్ళాలి. నేను బుద్ధున్నవాణ్ణి. కెమెరా మెళ్ళో వేసుకుని, స్టాండు భుజాన పెట్టుకుని, కంచె చుట్టూ తిరిగి నీళ్ళట్యాంకు వెనకనుంచి పరుగెత్తాను. సరిగ్గా ట్యాంకు వెనక ఉండగా 'ఠాప్' అని చప్పుడు, వెనకే మైదానమంతా దద్దరిల్లే కేక.

నేను ట్యాంకు చుట్టూ తిరిగి వచ్చేసరికి పిల్లలు ఒకరి మీద ఒకరు పడడం, లేవడం, దుమ్ము దులుపుకోవడం కూడా అయిపోయి నీళ్ళు తాగుతున్నారు. ఈ ఆటలో కొసలు మారవట. విసిరేవాడు ఉన్నచోటే ఉండి విసురుతూనే ఉంటాడట. ఆరు బంతులకు ఆగని ఆట ఒక ఆటేనా అని నాకు ఇప్పటికీ మంటే. సిగ్గు చంపుకుని చిన్న కఫీలు దగ్గరికి వెళ్ళి, ఇంకోసారి అందరూ అలా పడండి బాబూ అని అడిగాను. వాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, "గెలిచేశాం కదా" అన్నాడు. వాడి మీద కోపం, ఆట మీద కోపం, ఆ నీళ్ళట్యాంకును అక్కడ కట్టినవాడి మీద కోపం. వీటన్నిటి అడుగున చిన్నమ్మ గొంతు వినపడుతూనే ఉంది, నా బిడ్డకు నెలలు నిండినాయి అని.

ఇక మిగిలింది తిండి ఫోటో. దాన్నయినా లోకం అదిరిపోయేట్టు తీసి పరువు నిలుపుకోవాలని పిల్లల బస్సు కంటే ముందే ఇంటికి చేరాను. వాకిట్లో ప్లాస్టిక్ షీటు పరిచి, మధ్యలో ఇద్దరు మోయాల్సినంత పళ్ళెం పెట్టారు. అందులో మచ్‌బూస్ (మన బిర్యానీకి అరబ్బు దాయాది), దానిమీద ఒక పూర్తి గొర్రె. చిన్నమ్మ తెల్లవారుజామున లేచి వండింది. కిస్‌మిస్‌లు, వేయించిన ఉల్లిపాయలు పైన చల్లి, అంచులు గుడ్డతో తుడిచి పెట్టింది. మామా లోపలికి వెళ్ళింది, చిన్నమ్మ పెరుగు తేవడానికి వెళ్ళింది. నేను నా సంచి తెరిచాను. బ్రష్షు తీసి గొర్రెకు నూనె పట్టించాను. దూది ముంచి, వంటింట్లో మైక్రోవేవ్‌లో కాచి, రెండు ముద్దలు చేశాను. ఒకటి గొర్రె మెడ వెనక దోపాను. రెండోది ఎక్కడ పెడదామా అని చూస్తుండగా వెనకనుంచి పెరుగు గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"ఏం చేస్తాండావురా?"

"ఆవిరి రావాల చిన్నమ్మా, ఫోటోకు."

చిన్నమ్మ వంగి మెడ వెనక ముద్దను రెండు వేళ్ళతో బయటికి లాగి, ఎత్తిపట్టుకుని చూసింది. తర్వాత గొర్రె మీద నూనె చూసింది. ఆమె గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"నూనె పూసేది పెండ్లికొడుక్కు. దూది పెట్టేది పీనుక్కు. నా వంటకు రెండూ చేసినావు కదరా."

"హోటళ్ళల్లో అంతా ఇట్లనే చిన్నమ్మా..."

"హోటళ్ళల్లో నువ్వు యాడన్నా పెట్టుకో. ఇది పిల్లోళ్ళు తినేది. ఎన్ని పెట్టినావ్?"

"రెండు" అన్నాను, చేసినవి లెక్కేసి. అప్పుడే గేటు తెరుచుకుంది.

ఇరవై మంది పిల్లలు, పొద్దున్నుంచీ ఆడి ఆకలి మీదున్నవాళ్ళు, ఒక్కసారిగా వాకిట్లోకి దూసుకొచ్చారు. పళ్ళెం చూసి అరిచారు. మైదానంలో అరిచినదానికంటే గట్టిగా అరిచారని నా నమ్మకం. (నేను అప్పుడు ట్యాంకు వెనక ఉన్నాననుకోండి.) ఒకడు గొర్రె కాలు విరిచి చిన్న కఫీలు చేతిలో పెట్టాడు, నలుగురు వాణ్ణి భుజాలమీదికి ఎత్తారు, వాడు పడిపోకుండా ఎడమచేత్తో చిన్నమ్మ భుజం గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో ఆ కాలును కప్పులాగా పైకెత్తి కేక పెట్టాడు. చిన్నమ్మ ఒక చేత్తో వాణ్ణి ఆపుకుంటూ, ఇంకో చేత్తో గరిటె నా వైపు చూపిస్తూ "రెండోది యాడ పెట్టినావురా సచ్చినోడా" అని అరుస్తోంది. అది నా చేతిలోంచి ఎటు పోయిందో నాకే తెలియదు; ఏం చేయాలో తోచక, చేతులకు వచ్చిన ఒకే ఒక్క పని చేశాను. వరసగా క్లిక్ క్లిక్‌మని కొట్టుకుంటూ పోయాను.

భోజనాలయ్యాక మామా కెమెరా అడిగింది. వెనక తెరలో ఒక్కొక్కటే చూసింది. కంచె, కంచె, ఆకాశం, నీళ్ళట్యాంకు. "మ్యాచ్ ఎక్కడ?" అంది హిందీలో. చిన్నమ్మ చాయ్ ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మామా మొహం చూస్తుండగానే గట్టిపడింది. ఖలాస్, చిన్నమ్మ సెలవు నా చేతులారా చంపేశాననుకున్నాను. ఇంతలో ఆమె వేలు ఒకచోట ఆగింది. గొర్రె కాలు ఎత్తిన కొడుకు. వాడి నోట్లో పళ్ళన్నీ కనపడుతున్నాయి, చుట్టూ ఇరవై మొహాలు, ఒక్కటీ కెమెరాను చూడడం లేదు. నిజం చెప్పాలంటే అంత మంచి ఫోటో నేను అంతకుముందు తీయలేదు. మామా మొహం మెత్తబడింది. "ఇది" అంది. "పెద్దది చెయ్యి." తర్వాత చిన్నమ్మ ఉన్న అంచు మీద గోటితో నిలువుగా ఒక గీత గీసింది. "ఇక్కడికి కొయ్యి. పనిమనిషి వద్దు."

నాకు కోపం నషాళానికంటింది. పదకొండేళ్ళు ఎత్తుకుని పెంచిన మనిషి, ఆమె పట్టుకోకపోతే ఆ పిల్లవాడు పళ్ళెంలో పడేవాడు, ఆమె వద్దా? నోరు తెరిచాను. అప్పటికి నాకొచ్చిన హిందీ, అరబ్బీ తిట్లన్నీ నాలుక చివర వరస కట్టాయి. చిన్నమ్మ ట్రే కింద పెట్టి, మామాకు తెలియని మన భాషలో, మామూలు గొంతుతో అంది.

"కొయ్యిరా నాయనా. ఆమె గోడమింద నేనుండి ఏం చేసేది? నా బిడ్డ పక్కన ఉంటే చాలు."

కోశాను. మర్నాడు స్టూడియోలో నా చేత్తో నేనే కోశాను. అంత కోపిష్టివాణ్ణి, ఒక్క మాట అనకుండా, గీత ఎక్కడ గీసిందో సరిగ్గా అక్కడ. మామా మాట తప్పలేదు, పాస్‌పోర్టు ఇచ్చింది. చిన్నమ్మ ఊరు చేరిన మూడోనాడు మనవరాలు పుట్టింది. రెండు నెలలకు మళ్ళీ జహ్రా వచ్చి, ఇంకో అయిదేళ్ళు చేసింది. హాల్లో ఆ ఫోటో దుమ్ము తుడిచే పని కూడా ఆమెదే. ఒకసారి నేను వెళ్ళినప్పుడు చూశాను. పిల్లవాడి ఎడమచెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది, ఏం పట్టుకున్నాడో తెలియదు. నేను పళ్ళు కొరుకుతుంటే చిన్నమ్మ "బాగుండాడు కదరా బిడ్డ" అని గుడ్డతో అద్దం ఇంకోసారి తుడిచింది.

కోసిన ముక్కను పారెయ్యలేదు. ఇప్పుడు రిగ్గైలో నేను తిండి ఫోటోలు తీసే గదిలో అదే గోడకు ఉంది. అందులో గరిటె ఎత్తి అరుస్తున్న చిన్నమ్మ, ఆమె భుజం మీద ఎవరివో నాలుగు వేళ్ళు. వచ్చిన హోటలువాళ్ళు ఎవరావిడ, ఎవరిమీద అంత కోపం అని అడుగుతారు. నామీదే అంటాను. నూనె, దూది నేను మానేసి చాలా ఏళ్ళయింది. వేడిగా తెస్తే తీస్తాను, లేకపోతే వేడి చేసి తెమ్మని తిడతాను.

చిన్నమ్మ ఇప్పుడు ఊళ్ళోనే ఉంటోంది. ఎప్పుడు ఫోన్ చేసినా, మనవరాలి చదువు సంగతులన్నీ అయ్యాక, గొంతు తగ్గించి ఒక మాట అడుగుతుంది: "రేయ్, ఆ పొద్దు రెండో దూది ఏ బిడ్డన్నా తిన్నాడంటావా?" పాపం, ఇన్నేళ్ళూ ఆమెకు ఆ బెంగ పోలేదు. నిజానికి అది ఆ సాయంత్రం బస్సులో నా చొక్కా జేబులోనే తడితడిగా దొరికింది. చెబితే తిడుతుందని భయపడి చెప్పలేదు. ఇంత వయసొచ్చి, నా కోపానికి ఊరంతా జడుస్తుందని గొప్పలు చెప్పుకునే నేను, ఆ గరిటెకు ఇంకా జడుస్తున్నాను. మనవరాలికి చదవడం వచ్చింది కాబట్టి నేను రాసిన ఇదంతా చిన్నమ్మకు చదివి వినిపిస్తుంది. రేపో ఎల్లుండో ఫోన్ వస్తుంది.