ముందు తలుపు

జహీరాబాద్ స్టేషన్లో దిగేసరికి ఉదయం ఎనిమిది. జూన్ మొదలు. మబ్బుంది, వాన లేదు. భుజాన కిట్ బ్యాగు, కాళ్లను కరిచే కొత్త బూట్లు. గన్ను ఇస్తారని ఫౌజులో చేరాను; ఇచ్చింది గిన్నె. గత్తర, అంటే కలరా, క్యాంపులో నర్సింగ్ సిపాయిని. శత్రువు కంటికి కనబడని క్రిమి కాబట్టి నా గురి మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

రాయికోడ్ వైపు ఊళ్లలో వాంతులు, భేదులు ముదిరాయి. మా దవాఖాన బాట పక్కన ఒక పొడవాటి రేకుల షెడ్డు. డాక్టర్ కెప్టెన్ సాబ్ హుకుం ఒకటే: ప్రాణం మీదికొచ్చిన రోగి ముందు తలుపు పక్క మంచం మీద ఉండాలి. సెలైన్ సీసాలూ మా బల్లా అక్కడే. కోలుకునేకొద్దీ వెనక్కి జరపాలి.

కానీ చుట్టాలు వచ్చి చూసి వెళ్లాక మంచాలు తారుమారయ్యేవి. మా కన్నుగప్పి రోగిని ఎత్తుకెళ్లి వెనక మూలన పడుకోబెట్టేవారు. మూలనున్నవాడి నాడి పడిపోయినా మాకు ఆలస్యంగా తెలిసేది. హవల్దార్ కాపలా పెట్టాడు. ఆ కాపలా నేనే; రోగులకు గంజి కాచేదీ నేనే. నన్ను చూసి ఎవరైనా జడిశారంటే వాళ్లు నా వంట తిన్నవాళ్లే.

ఒక పొద్దున, అల్లం పండించే నర్సమ్మ భర్తను బండిలో తెచ్చింది. నాడి అందడం లేదు. తలుపు పక్క మంచం చూపిస్తే అడ్డంగా నిలబడింది.

"గా మంచం మీద పండవెడ్తే నా ఇంటాయనను వాపస్ తోల్కపోత, సాబ్."

హవల్దార్ కసిరాడు. కెప్టెన్ సాబ్ అతన్ని ఆపి, ఎందుకో అడగమన్నాడు. అడిగాను.

"మా అత్త కొరకు నాలుగొద్దులు గీ బయటనే కూసున్న. గా తలుపుల నుంచి పీనుగులే ఎల్లినయి. బతికి ఎల్లినోడు ఒక్కడన్న కండ్లవడ్డడా?"

నిజమే. నయమైనవాళ్లకు షెడ్డు వెనక మందునీళ్ల స్నానం చేయించి, అటునుంచి అటే ఇళ్లకు పంపేవాళ్లం. శవాల బండి ముందు ఆగేది.

కెప్టెన్ సాబ్ తలుపు వైపు ఒకసారి చూశాడు. స్నానాల గుడారం ముందుకు, బండి వెనక్కి మార్చమన్నాడు. నయమై అప్పుడే ఇంటికి బయల్దేరుతున్న చిరాగ్‌పల్లి ముసలామెను ముందు తలుపు నుంచి నడిపించమన్నాడు. ఆమె గడప దగ్గర ఆగి, నర్సమ్మను ఎగాదిగా చూసింది.

"నేను గా మంచం మీదనే పండుకున్న, బిడ్డా. ఫికర్ జెయ్యకు, జర జల్ది పండవెట్టు."

నర్సమ్మే భర్త కాళ్లు పట్టి ఎత్తింది.

తర్వాత మంచాలు తారుమారు కాలేదు. అందరూ బతికారని చెప్పను. వానలు నిలిచాక క్యాంపు ఎత్తేశారు, నేను ఇంటికొచ్చాను. ఏ యుద్ధం చూశావని ఇక్కడ అడుగుతుంటారు. నాకు కనబడేది మాత్రం ఇది: నర్సమ్మ భర్త క్యాంపు ఇచ్చిన వదులు ఖాకీ చొక్కాలో ముందు తలుపు దాటాడు. బయట కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. తన వెనక ఎవరో పెద్ద సాబ్ వస్తున్నాడనుకుని, అతను పక్కకు తప్పుకుని వెనక్కి తిరిగి చూశాడు.