రంగు పోవద్దని కప్పిన కారు

మొన్న జనగామలో మా పక్కింటాయన కొత్త కారు తెచ్చుకుని, వానాకాలానికి ఏ కవర్ మంచిదని నన్నడిగాడు. శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, మైనం రుద్దించుకుంటే చాలు, తడి బండి మీద మాత్రం ఏదీ కప్పొద్దని చెప్పాను. ఇదంతా నీకెట్లా తెలుసంటే నవ్వి ఊరుకున్నాను. చెబితే ఆయన సంబరం పాడవుతుంది.

మా అన్న అప్పట్లో చెల్పూర్‌లో, బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన ఉండేవాడు. మా వంశంలో మొదటి కారు అతనిదే, తెల్లది. దానికి ఎవరూ ఆనుకోకూడదు, వేలు తగలకూడదు. తన పాత బనీనుతో అతను దాన్ని తుడుస్తుంటే మా వదిన, "నా మొకం గూడ గింత పావురంగ సూడలే నువ్వు" అని ఆ ప్రేమకు ఉడుక్కునేది. వానలు మొదలవగానే నీలం టార్పాలిన్ తెచ్చి, బండి మీదున్న దుమ్ము కడగకుండానే కప్పేసి, తాళ్లతో బిగించి కట్టాడు. కప్పాక ఇక దుమ్ము పడదని అతని ధీమా. అప్పటికే పడ్డ దుమ్ము సంగతి మాకెవరికీ తట్టలేదు.

ఆ ముసురులోనే నర్సింహులపేట నుంచి కబురొచ్చింది, చిన్నమ్మకు బాగాలేదని. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ అన్న దగ్గరే ఉండేది, ఆమెకు ఉన్నది ఆ ఒక్క చెల్లెలే. మోకాళ్ల నొప్పులతో అవ్వ బస్సు ఎక్కలేకపోయేది. "చెల్లెను ఒక్కసారి సూసొస్త బిడ్డా, కార్ల తీస్కపో" అని అడిగింది. అన్న, "జర వాన ఎలవనియ్యే అవ్వా. గా బురదల పోతె రంగంత కరాబైతది. నాలుగు రోజులాగు" అన్నాడు. నేనేం తక్కువ తిన్నానా? అవ్వ నాకు ఫోన్ చేస్తే, అన్న చెప్పింది నిజమేనన్నాను. ఆటో మాట్లాడి పంపుదామన్న బుద్ధి కూడా నాకు పుట్టలేదు. ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆరో రోజు చిన్నమ్మ పోయింది. ఆ పొద్దున నేను చెల్పూర్ చేరేసరికి అన్న వానలోనే తాళ్లు కోసేస్తున్నాడు. టార్పాలిన్ లాగితే లోపల ఉడికిన వాసన వచ్చింది. గాలికి గుడ్డ కదిలినప్పుడల్లా కింది దుమ్ము రంగును గీకేసింది. చిక్కిన తేమకు పైకప్పంతా అమ్మవారు పోసినట్టు పొక్కులు లేచాయి. అన్న దానివైపు చూడను కూడా చూడలేదు, తలుపు తీసి పట్టుకున్నాడు.

అవ్వ చెప్పులు విప్పి, బురద కాళ్లు కొంగుతో తుడుచుకుని ఎక్కింది. చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏస్కోయే అవ్వా, ఏం గాదు" అన్నాడు అన్న.

"వద్దు బిడ్డా, నీ బండి కరాబైతది" అంది అవ్వ.

నర్సింహులపేట దాకా ఆమె వాటిని కింద పెట్టలేదు. ఆ తర్వాత ఎన్ని వానాకాలాలు వచ్చిపోయాయో, అవ్వ చెల్లెలిని చూడాల్సిన ఆ ఆరు రోజులు మాత్రం మేమెవరం తిరిగి తెచ్చివ్వలేకపోయాం.