మామ గొంతుకు రెండు గంటల తాళంచెవి

మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, మా ఇంటికి వస్తే ఏనాడూ బెల్లు నొక్కలేదు. గేటు దగ్గర నిలబడి వీధి చివరిదాకా వినిపించేలా, "ఇంట్ల ఎవరన్నా ఉన్నరా, లేకుంటే అందరు పరలోకం పోయిన్రా?" అని అరిచేవాడు. "వచ్చిండు, ఇగ బీదర్ ఊరంతా తెలిసిపోయె" అని గొణుగుతూ అమ్మ పోయి గేటు తీసేది. గొంతు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశాక ఆ అరుపు ఆగిపోయింది. మామ గేటు గొళ్ళేన్ని బండి తాళంచెవితో టంగుటంగున కొట్టేవాడు. ఆ చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండేది. కరెంటు మీటరు చూసేవాడికీ మా మామకీ తేడా లేకుండా పోయిందే అని ఏడుపొచ్చేది.

ఆ గొంతు ఎలాంటిదో చెప్పాలి. మా చర్చిలో కోత పండుగనాడు విశ్వాసులు పొలంలో పండినవీ పెరట్లో పెంచినవీ తెచ్చి, పాస్టరయ్య ప్రసంగించే పుల్పిట్ ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని హర్రాజు వేస్తారు, అంటే వేలం. ఆ హర్రాజు వేసేది మామే. ప్రసంగానికి జోగుతున్న జనమంతా మామ లేవగానే సర్దుకుని కూర్చునేవారు. ఒక ఏడాది పక్క ఊరు మంగళగి నుంచి వచ్చే రైతు ఒకాయన తెచ్చిన కోడిని పైకెత్తి, "చూడున్రి, ఈ కోడి పాస్టరయ్య ప్రసంగం మొత్తం ఇన్నది. ఒక్కసారి గూడ కండ్లు మూయలె. గిసొంటి విశ్వాసి మన సంఘంల ఇంకెవరున్నరు? పాడున్రి!" అన్నాడు. అందరికంటే ముందు పాస్టరయ్యే నవ్వాడు, నవ్వక తప్పక. మామ "ఒకటోసారి" అనేవాడు, "రెండోసారి" అనేవాడు, ఆ తర్వాత ఊపిరి బిగబట్టి ఒక్కొక్కరి మొహం చూసేవాడు. మూడోసారి అనేలోపు ఎవరో ఒకరు కంగారుపడి పాట పెంచేసేవారు.

ఈ పండుగలన్నీ రికార్డు చేసేది నేను. ఒక కంపెనీకి ఇంటి నుంచే కంప్యూటర్ పని చేస్తాను కాబట్టి, చర్చిలో వైరున్న ప్రతి వస్తువూ నా బాధ్యతేనని సంఘం ఎప్పుడో తీర్మానించేసింది. ఉచితంగా దాచుకోనిచ్చే చోట్లన్నీ నిండిపోయాక చిన్న సర్వర్ ఒకటి కొని మెట్ల కింద అలమారలో పెట్టాను. ఇది మన సొంత క్లౌడ్, ఎక్కడున్నవాళ్ళైనా మనం రానిస్తేనే ఇందులోకి రాగలరు అని అమ్మకు వివరించాను. అమ్మ దానిమీద చెయ్యి పెట్టి చూసి, "మబ్బయితే గింత ఉడుకెందుకుంటది?" అని పక్కనున్న ఉల్లిగడ్డల బుట్ట తీసి వేరేచోట పెట్టింది.

ఆపరేషన్ తర్వాత మామకు ఒక పలక కొనిచ్చారు. ఆయన చదువంతా కన్నడ మీడియం. తెలుగు మాటల్ని కన్నడ అక్షరాల్లో రాస్తాడు. అత్తకు తెలుగు బైబిలు చదవడం తప్ప వేరే అక్షరం రాదు. పక్క వీధిలోనే ఉంటారు కాబట్టి మొగుడూ పెళ్ళాల మధ్య దుబాసీ ఉద్యోగం నాకు పడింది. "కూరల ఉప్పు లేదు, నీకు అకల్ లేదు" అని రాసి పలక నా వైపు తిప్పేవాడు. ఉప్పు లేదన్నదీ, అత్తకు బుద్ధి లేదన్నదీ నేనే పైకి చదవాలి. అత్త నన్ను మింగేసేలా చూసేది. ఒకరోజు ఆ పలక లాక్కుని, "కొట్లాడుకునేటందుకు గూడ నడుమ మనిషి కావాల్నా? ఒక్కసారి నీ నోటితోని తిట్టు, పడత" అని ఏడ్చేసింది. మామ పలక తిరిగి తీసుకుని తుడిచేశాడు. వాళ్ళిద్దరినీ చూడలేక నేను ఇంటికి వచ్చేశాను.

మామకు హైదరాబాదులో మాట చికిత్స చేసే అమ్మాయి ఒకామె ఉంది. పాత రికార్డింగులు దొరికితే వాటినుంచి ఆయన గొంతు తయారుచేయవచ్చనీ, ఆయన ఫోన్‌లో కన్నడ అక్షరాల్లో ఏది టైపు చేసినా అది ఆ గొంతుతోనే తెలుగులో పలుకుతుందనీ ఆమె చెప్పింది. నేను ఎగిరి గంతేశాను. మామ మాత్రం పలక మీద ఇలా రాశాడు: "ఎవడన్నా లుచ్చాగాడు నా గొంతు ఎత్కపోయి మన్నళ్ళికి ఫోన్ చేసి పైసలడుగుతే?" మన్నళ్ళిలో మా చుట్టాలున్నారు, అడిగితే ఇచ్చేసే రకం. భయం సబబే.

అందుకని ఆ అమ్మాయికి మెట్ల కింది అలమారలోకి కొద్దిసేపు దారి ఇద్దామన్నాను. ఒక్క ఫోల్డరే, రెండు గంటలే. ఒక లింకు, దానికొక రహస్య సంఖ్య. మొదట ఏ యంత్రంలో తెరిస్తే దానిలోనే పనిచేస్తుంది, రెండోవారిని రానివ్వదు. వేళ దాటితే తనంతట తనే మూసుకుంటుంది. ఇంత పకడ్బందీగా చెప్తే మామకు కోపమొచ్చింది. "ఇంటికొచ్చిన ఆడపిల్లకు టైమయ్యింది ఇగ లే అంటమా? మనకు ఇజ్జత్ లేదా?" అని రాశాడు. దొంగ రాకూడదు, చుట్టం లేవకూడదు, ఆ రెండూ నేనే చూసుకోవాలి. చాలాసేపు వాదించాక ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. గొంతు తనది, కాబట్టి తాళంచెవి తన చేతులమీదుగానే పోవాలట.

సరేనని లింకు మామ ఫోన్‌కు, రహస్య సంఖ్య అత్త ఫోన్‌కు పంపాను. రెండూ ఒకేచోట ఉండకూడదన్నది మా వృత్తిలో మొదటి జాగ్రత్త. అది కనిపెట్టినవాళ్ళకు మా అత్త తెలియదు.

మా సంఘంలో ఏ పని మొదలుపెట్టినా ముందు వాట్సాప్ ప్రార్థన గ్రూపులో పెడతారు. పరీక్ష రాసేవాడి హాల్‌టికెట్ నంబరు, రక్తపరీక్ష రిపోర్టు, బోరు వేయబోయే చోటు ఫొటో, అన్నీ. వివరాలు సరిగ్గా చెప్పకపోతే దేవుడు పొరపాటున పక్క పొలంలో నీళ్ళు పడేస్తాడని భయం కాబోలు. అత్త కూడా పద్ధతి ప్రకారమే నడిచింది. మామ ఫోన్‌లోంచి లింకు తీసి, తన ఫోన్‌లోని సంఖ్య కలిపి, "మా ఇంటాయన గొంతు ఈ లింకుల ఉన్నది, దీని గురించి ప్రార్థించండి" అని వాయిస్ మెసేజ్ జోడించి గ్రూపులో పెట్టేసింది. ఆ తర్వాతే హైదరాబాదు అమ్మాయికి పంపించింది.

ఇవేవీ తెలియని నేను నా తెరమీద ఎవరో లోపలికి రావడం చూసి, అమ్మాయి చురుకైనదే అని మెచ్చుకున్నాను. వచ్చిన మనిషి కోడి హర్రాజు విన్నారు. మళ్ళీ కోడే విన్నారు. మళ్ళీ కోడే. ఇదేం చికిత్స అనుకుంటుండగా ఆ అమ్మాయి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "మేడం, దీన్ని ఇప్పటికే ఇంకెవరో తెరిచారట, నన్ను రానివ్వడం లేదు" అంది. ఆ ఫోన్ పెట్టేలోపు అత్త నుంచి ఫోన్. "అందరు మస్తు ప్రార్థన చేస్తున్నరు బిడ్డా, గని చానామందికి తెరుసుకుంటలేదంట. జర చూడు."

నా నోటికి వచ్చిన మాటలు ఇక్కడ రాయను, అత్త ఇది కూడబలుక్కునైనా చదువుతుంది. గ్రూపంతా వాకబు చేస్తే లోపల కూర్చున్నది మంగళగి రైతేనని తేలింది. కోడి యజమాని. ఫోన్ చేసి, పెద్దనాయనా, అది దయచేసి మూసెయ్యి అన్నాను.

"జర ఆగు బిడ్డా, నా కోడి హర్రాజ్ అయితాంది" అన్నాడు.

నేను మూసేశాను. తర్వాత ఆయన అన్నాడు: "బంద్ చేసినవా? మంచిగుండె బిడ్డా. ఎన్ని దినాలయ్యె ఆ గొంతు ఇని. నా ఫోన్ల గూడ ఉన్నది గని, అదంతా నన్ను తిట్టిందే." కోపంలో ఉన్నాను, ఆ మాట చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు.

హైదరాబాదు అమ్మాయికి కొత్త దారి తెరిచాను, ఈసారి మామ చేతులమీదుగా కాదు. ఆమె ఆసాంతం విని, "ఇవి పనికిరావు మేడం. అన్నిట్లో ఆయన అరుస్తున్నారు. వెనక చప్పట్లు, కోళ్ళు, నెత్తిమీద విమానాలు. మామూలుగా మాట్లాడినవి కావాలి" అంది. నిజమే. మా ఊళ్ళో ఎయిర్‌ఫోర్స్ విమానం పోతుంటే ఎవరి మాటైనా ఆగుతుంది, మామ మాత్రం దానితో పోటీకి దిగేవాడు. సంగతి చెప్తే ఆయన పలక మీద "ఇడ్సిపెట్టు" అని రాసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అత్త వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మనిషి మళ్ళీ ఆ గొంతుతో మాట్లాడడని అప్పుడు మొదటిసారి నిజంగా నమ్మాను.

తన ఫోన్‌లో కూడా ఆ గొంతు ఉందన్న మంగళగి రైతు మాట అప్పుడు బుర్రకెక్కింది. మామకు తెలుగు రాయడం రాదు కదా. ఇన్నేళ్ళూ ఎవరికి ఏం చెప్పాలన్నా వాయిస్ మెసేజే పెట్టాడు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, మామూలు గొంతుతో, కోళ్ళు లేకుండా. సంఘంలో ప్రతి ఫోన్‌లోనూ మామ ఉన్నాడు.

సర్వర్‌లో ఇంకో తలుపు తెరిచాను. వేయడమే, తీయడం లేదు. చర్చిలో కానుకల పెట్టెలాగా అందులో ఏదైనా పడేయవచ్చు, లోపల ఏముందో ఎవరికీ కనబడదు. ఆ లింకు పట్టుకుని అత్త దగ్గరికి వెళ్ళి, "అత్తా, దీన్ని ప్రార్థన గ్రూపుల పెట్టు" అన్నాను. నా చదువుకూ ఉద్యోగానికీ ఇంతకంటే అవమానం లేదు.

మామ పాత మెసేజ్‌లు వరదలా వచ్చిపడ్డాయి. "ఏమయ్యా, ఆదివారం కనవడలె, కొట్లాట దేవునితోనా నాతోనా?" "నీ బిడ్డ పాసయ్యిందంట, మిఠాయి ఏది?" "దవాఖానకాడ ఉన్న, పరేషాన్ గాకు, పొద్దుగాల దాకా నేనే కూసుంట." ఎవరెవరి కష్టంలో ఎక్కడెక్కడ కూర్చున్నాడో మాకెవరికీ చెప్పలేదు మా మామ. పాస్టరయ్య కూడా తనకు మామ పంపినది ఒకటి వేశాడు: "అయ్యగారు, రేపు ప్రసంగం జర చిన్నగ చేయున్రి, ఎండలున్నయి." అత్త ఏమీ వేయలేదు. అడిగితే ఫోన్ కొంగులో దాచుకుని, "ఒకటున్నది. అది నాది. మిషన్ల ఎయ్య" అంది. అదేమిటో నేను అడగలేదు.

అమ్మాయి మరో రెండు గంటలు తీసుకుని తనకు కావలసినవి ఏరుకుంది. ఆమె బయటికి వెళ్ళగానే అన్ని దారులూ మూసేశాను.

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆఫీసు కాల్‌లో ఉన్నాను. గేటు దగ్గర్నుంచి వినిపించింది: "ఇంట్ల ఎవరన్నా ఉన్నరా, లేకుంటే అందరు పరలోకం పోయిన్రా?"

మామ గొంతే. కాస్త డబ్బాలోంచి వచ్చినట్టుంది, అయినా మామదే. అమ్మ వంటింటి గుమ్మంలో ఆగిపోయింది, చేతిలో గరిటె అలాగే ఉంది. నేను ఆఫీసు కాల్ ఆపేసి కళ్ళు తుడుచుకున్నాను. బయట అత్త గొంతు కూడా వినిపించింది: "పొద్దుగాల్నుంచి ఇదే లొల్లి. కూరల ఉప్పు లేదని ఫోన్ల మూడుమాట్ల తిట్టిండు. బంద్ చెయ్యమంటే ఇంటలేడు!" ఎన్నాళ్ళకో అత్త అంత సంతోషంగా తిట్టడం విన్నాను.

గేటు అవతల మామ మళ్ళీ టైపు చేస్తున్నట్టున్నాడు.

"ఒకటోసారి" అంది గేటు దగ్గరి గొంతు.

అమ్మ నా వైపు చూసింది.

"రెండోసారి."

మూడోసారి అనేలోపు పరుగెత్తి గేటు తీశాను.