రాజుగారు కొట్టిన గుమ్మడికాయ

ఫిల్మ్ నగర్ ఎత్తు దిగి రహమత్ నగర్ వైపు మళ్ళే సందులో ఒక మెస్సు ఉంది. నాలుగు బల్లలు, గోడకు ఆనించిన ప్లాస్టిక్ కుర్చీలు, లోపల ఒక పెద్ద పొయ్యి. నడిపేది వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒకావిడ. ఆమె నన్ను చెల్లె అంటుంది, నేను అక్కా అంటాను. ఆమె చేసే పప్పుచారు కోసం ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో వంట మానేస్తాను. వంటంటే ఇష్టమున్న మనిషి వంట మానేయడం చిన్న విషయం కాదు.

ఏది తిన్నా నా నాలుక ముందు పాళ్ళు చూస్తుంది. ఎవరూ నేర్పిన విద్య కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో కొలత గిన్నెల్లేక గ్లాసుతో, గరిటెతో, గుప్పెటతో వండుతూ వచ్చిన అలవాటు. అక్క పప్పుచారులో చింతపండు ఎంతో, కందిపప్పు ఎంతో నోట్లో పెట్టుకోగానే తెలుస్తుంది. చివర్లో చిటికెడు మెంతిపొడి వేస్తుందని కనిపెట్టడానికి మాత్రం నాలుగైదు ఆదివారాలు పట్టింది.

ఈ చుట్టుపక్కల నేను తినని చోటు లేదు. వెంగళరావు నగర్‌లో సాయంత్రం పునుగుల బండి పెట్టే ఆయనకు నేనంటే కొంచెం భయం. పిండిలో మైదా వాటా పెరిగిన రోజు ఒక్క పునుగు కొరికి ఆగిపోతాను. "ఇయ్యాల వద్దమ్మా, రేపు రాండ్రి" అని ఆయనే అంటాడు. బంధువుల పిల్ల పుట్టినరోజని ఒకసారి జూబ్లీ హిల్స్ మెయిన్ రోడ్డు మీద పెద్ద రెస్టారెంటుకు వెళ్ళాం. చందమామంత పళ్ళెంలో రెండు చెంచాల పెరుగన్నం, దాని మీద నలిపి చల్లిన గుమ్మడి వడియం. ఆ వడియం మెత్తబడి ఉంది. అంత పెద్ద పళ్ళెంలో దాన్ని అలా చూస్తే జాలేసింది.

అక్క మెస్సులోనూ నాకున్న లోటు అదే. అంత మంచి పప్పుచారు పక్కన ప్యాకెట్ అప్పడం వేస్తుంది.

"ఏంది చెల్లె, వారం వారం అప్పడం దిక్కు గట్ల చూస్తవు? దానికి దిష్టి తగుల్తది" అంది ఒక ఆదివారం.

"అప్పడం తప్పేం లేదక్కా. ఈ పప్పుచారుకి గుమ్మడి వడియం ఉండాలి."

"ఉండాలె ఉండాలె అని ఏండ్ల సంది అంటున్నవు. తెచ్చి పెట్టరాదు? వచ్చే ఆదివారం తే. తినేటోళ్ళు మల్ల అడిగిన్రనుకో, ఇగ ఎప్పటికీ నా మెస్సుల నీ వడియాలే. అడగలేదనుకో, అప్పడాన్ని చూసుడు బంద్ జెయ్యాలె. సరేనా?"

సరే అని వచ్చేశాను కానీ ఇంటిదాకా అదే ఆలోచన. నా వంట అంతవరకూ మా గడప దాటి ఎవరి కంచంలోనూ పడలేదు. ఇంట్లోవాళ్ళు బాగుందంటే అది ప్రేమో మొహమాటమో తేల్చడం కష్టం. మెస్సులో తినేవాడికి ఆ రెండూ ఉండవు. ఇన్నేళ్ళ నా వంట నిజంగా ఏపాటిదో ఆ ఆదివారం తేలిపోతుంది.

సోమవారం ఎర్రగడ్డ రైతు బజారుకు వెళ్ళాను. బూడిద గుమ్మడికాయ కొనడంలో నేను తొందరపడను. తొడిమ ఎండి ఉండాలి. కాయ మీద అరచెయ్యి రాస్తే చెయ్యంతా విభూతి పూసుకున్నట్టు కావాలి. చేతిలోకి తీసుకుంటే కంటికి కనిపించినదాని కన్నా బరువుండాలి. అలాంటి కాయ ఒకటి దొరికింది. మినప్పప్పు, సన్న పచ్చిమిర్చి, అల్లం, ముద్ద ఇంగువ కూడా తీసుకున్నాను. ఇంగువ పొడి నేను వాడను. ముద్దని గోటితో గిల్లి నీళ్ళలో నానబెడితే వచ్చే వాసన కోసం ఎంత దూరమైనా నడుస్తాను.

మేముండేది పాత రెండంతస్తుల ఇంట్లో పై వాటా. కింది వాటాను ఇంటివాళ్ళు షూటింగులకిస్తారు. నేను తిరిగొచ్చేసరికి వాకిలి ముందు వ్యాన్లు అడ్డంగా ఉన్నాయి, ఆటో దూరంగానే ఆగింది. సంచులు ఒక చేత్తో, కాయ ఒక చంకలో పెట్టుకుని మెట్లదాకా వచ్చాను. అక్కడిక నావల్ల కాలేదు. కాయను కింది మెట్టు మీద పెట్టి సంచులతో పైకి వెళ్ళాను. వెళ్ళిన దాన్ని వెంటనే దిగానా? పప్పు కడిగి నానబోశాను. అత్తయ్యగారు కాఫీ ఇస్తే తాగాను. అప్పుడు దిగాను.

మెట్టు మీద కాయ లేదు.

వాకిట్లో ఉంది. దాని నిండా పసుపూ కుంకుమా. నెత్తిన కర్పూరం వెలుగుతోంది. ఒకతను దాన్ని రెండు చేతులా పట్టుకుని కెమెరా ముందు గుండ్రంగా తిప్పుతున్నాడు. కింద ఆ సినిమాకి అది ఆఖరి రోజు. షూటింగు ముగిశాక దిష్టి తీసి గుమ్మడికాయ పగలగొట్టడం వాళ్ళ ఆచారం. మా పేటలో "గుమ్మడికాయ కొట్టేశారా?" అంటే సినిమా పూర్తయిందా అని అర్థం.

"అయ్యో, అది నా కాయండీ!" అన్నాను.

అందరూ తిరిగి చూశారు. ప్రొడక్షన్ మేనేజరు పరుగున వచ్చాడు. "మీదా అమ్మా? మెట్టు మీద దర్జాగా కూర్చునుంటే మాదే అనుకున్నామండీ. షూటింగ్ జరిగే ఇంటి ముందు గుమ్మడికాయ ఇంకెవరిదవుతుందండీ?"

"వడియాలకి తెచ్చుకున్నాను."

"వడియాలకా!" అని వెనక ఎవరో నవ్వి, వెంటనే దగ్గుగా మార్చుకున్నారు.

హారతి వెలిగిన కాయను ఆపమని ఎవరు మాత్రం అంటారు? నేనే "కానివ్వండి" అన్నాను. రోడ్డు మీద ఫెళ్ళున పగిలింది. తెల్లటి దళసరి కండ, లోపల ముదురు గింజలు. ఎంత మంచి కాయో పగిలాక ఇంకా బాగా తెలిసింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను పైన నానుతున్న పప్పు గురించి ఆలోచిస్తున్నాను.

"మా కాయ వ్యాన్‌లోనే ఉండిపోయిందట. అది తీసుకోండమ్మా" అని మేనేజరు తెప్పించాడు. చూడగానే నీరసం వచ్చింది. ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది. అరచెయ్యి రాస్తే చెయ్యి శుభ్రంగానే ఉంది. లేతకాయ, ఒళ్ళంతా నీళ్ళే. దిష్టికి కొనేవాళ్ళకి గుండ్రంగా ఉంటే చాలు మరి. మళ్ళీ ఎర్రగడ్డ వెళ్దామంటే ఆ వేళప్పుడు ట్రాఫిక్‌లో పోయి రావడమే సరిపోతుంది. ముక్కలేమో ఆ రాత్రికే బరువు కిందికి వెళ్ళాలి. లేకపోతే ఆదివారానికి ఎండవు.

ఈలోగా అత్తయ్యగారు మెట్లు దిగి వచ్చారు. సంగతి విని కాయను ఎగాదిగా చూశారు.

"దిష్టికి కొన్న కాయ వండుకుంటామటమ్మాయ్?" అని నన్నడిగి, మేనేజరు వైపు తిరిగారు. "దీనికి హారతిచ్చారా?"

"లేదండీ."

"బొట్టు పెట్టారా?"

"వ్యాన్‌లోంచి ఇప్పుడే దిగిందండీ."

"అయితే ఇది ఇంకా కూరగాయే" అని తేల్చేశారు. నేను ఊపిరి పీల్చుకునేలోపే, "మరి కొట్టేదెవరు? అబ్బాయి ఊళ్ళో లేడుగా" అన్నారు.

మా ఇళ్ళలో గుమ్మడికాయకి మొదటి దెబ్బ మగవాడే వెయ్యాలి. ఆ తర్వాత ఎన్ని వందల ముక్కలైనా ఆడవాళ్ళు తరుక్కోవచ్చు. దెబ్బ వేసినవాడు మళ్ళీ వంటింటి వైపు రాడు, అది వేరే సంగతి. మావారు రాజమండ్రిలో పెళ్ళికి వెళ్ళారు.

"అత్తయ్యగారూ, ఇక్కడున్నది అంతా మగవాళ్ళేగా."

ఆవిడ వాకిలంతా కలియజూసి అరుగు మీద టీ తాగుతున్న ఒకాయన్ని ఎంచుకున్నారు. కథలో నాటకం సీను ఉందట, ఆయనది రాజు వేషం. పట్టు అంగీ, చెవులదాకా మీసం, నడుముకు కత్తి, ఒళ్ళో కిరీటం. "ఆయన్నడుగు. ఆకారం బాగుంది" అన్నారు.

"నేనా?" రాజుగారు లేచి నిలబడ్డారు. "గీ కత్తి చెక్కది పెద్దమ్మా. దీంతోటి కొడితె కాయకేం గాదు, కత్తే ఇరుగుతది."

"కత్తి మాదిస్తాం నాయనా. చెయ్యి నీదైతే చాలు."

"కానివ్వండి రాజుగారూ" అన్నాడు మేనేజరు. "సినిమాలో మీ సీనుంటుందో లేదో నేను చెప్పలేను కానీ, దీన్ని మాత్రం ఎవ్వరూ కట్ చెయ్యలేరు."

నేను పైనించి పెద్ద కత్తి తెచ్చేసరికి ఆయన కిరీటం పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. కిరీటం ఎందుకండీ అంటే, "ఉండనియ్యుండ్రి, పెద్దమ్మ పిలిచింది రాజును గదా" అన్నారు. రెండు చేతులా ఎత్తి ఒక్కటే దెబ్బ. కాయ సరిగ్గా రెండు చెక్కలైంది. మళ్ళీ చప్పట్లు. ఈసారి నేనూ కొట్టాను.

"ఎన్నేండ్ల సంది చేస్తున్ననో గని, హీరో చేతిల దెబ్బలు తినుడే నా పని" అన్నారాయన కత్తి తిరిగిస్తూ. "ఇయ్యాల నేను కొట్టిన. గది గూడ ఒక్క టేకుల!"

ఆ రాత్రి ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి, గుడ్డలో మూటకట్టి రుబ్బురోలు పొత్రం కింద పెట్టాను. తెల్లారి చూస్తే మామూలుగా కారేదానికి రెట్టింపు నీళ్ళు కారాయి. ముక్క చిక్కి సగమైంది. నా పాళ్ళు ఎప్పుడూ ఒకటే: పిండిన ముక్క నాలుగు వంతులు, పొడి మినప్పప్పు ఒక వంతు. పప్పు ఎక్కువైతే వడియం రాయి, తక్కువైతే నూనెలో విడిపోతుంది. నేను నానబోసిందేమో ఆ ముదురుకాయకి సరిపడా పప్పు. అంతా కలిపేస్తే చూడటానికి బోలెడు వడియాలవుతాయి, నమలడానికి ఒక్కటీ పనికిరాదు. పప్పులో సగమే తీసుకున్నాను. చుక్క నీళ్ళు పొయ్యకుండా గట్టిగా రుబ్బాను. లేత ముక్కలో ఇంకా దాగిన చెమ్మ ఉంటుంది కనక వడియాలు ఎప్పటికన్నా చిన్నవిగా, రేగుపండంతే పెట్టాను. పెద్దవైతే లోపల ఎండవు.

మిగతా సగం పప్పుకి అల్లం, పచ్చిమిర్చి చేర్చి గారెలు వేశాను. కింద లైట్లు, తీగలు సర్దుకుంటున్న వాళ్ళకి పంపితే మేనేజరు మెట్ల దగ్గరికి వచ్చి, "కాయ కొట్టేస్తే గారెలు పెట్టారు. వచ్చే సినిమాకీ మీ కాయే ఎత్తుకెళ్తామండీ" అన్నాడు.

డాబా మీద పాత పంచె పరిచి ఎండబెట్టాను. పక్కన నల్ల గొడుగు తెరిచి పెడితే కాకులు రావు. శుక్రవారం మబ్బు పట్టింది. చినుకు పడలేదు కానీ నేను పంచె నాలుగు కొసలూ పట్టుకుని ఎన్నిసార్లు లోపలికీ బయటికీ తిరిగానో. శనివారం సాయంత్రం ఒకటి నూనెలో వేశాను. మునిగి, తేలి, పువ్వులా విచ్చుకుంది. అత్తయ్యగారికి ఇచ్చాను. కొరికారు. నాకు గది ఇవతలికి వినిపించింది.

"బాగా వచ్చిందమ్మాయ్" అన్నారు. మళ్ళీ ఆవిడే, "నా మాట లెక్కలోకి రాదులే. నేను మీ అత్తని" అన్నారు.

ఆదివారం స్టీలు డబ్బా పట్టుకుని మెస్సుకు వెళ్ళాను. అక్క మూత తీసి, "గింత చిన్నగున్నయేంది, ముత్యాల లెక్క?" అంటూనే బాణలి పెట్టింది. ఇంగువ వాసన సందు మొదటిదాకా వెళ్ళి ఉంటుంది. అప్పడం స్థానంలో తలో గుప్పెడు వేసింది. నేను కంచం ముందు కూర్చున్నాను కానీ ముద్ద కలపకుండా బల్లల వైపే చూస్తున్నాను. ఫ్యాను చప్పుడు, గ్లాసుల చప్పుడు. వాటి మధ్య ఒక బల్ల నుంచి కరకర. తర్వాత ఇంకో బల్ల నుంచి.

"అక్కా, గవి మల్ల ఎయ్యి" అన్నాడొకాయన. గొంతు వింటే గానీ గుర్తుపట్టలేదు. రాజుగారే! మీసం లేదు. ఈ మధ్యే అక్కడ తినడం మొదలుపెట్టారట. నన్ను చూసి చెయ్యెత్తారు. సంతోషించాను కానీ లెక్కలో వేసుకోలేదు. ఆయన కొట్టిన కాయ ఆయనకి బాగుండక ఏమవుతుంది?

మూల బల్ల దగ్గర మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న ఒకతను భోజనం చేస్తూనే ఫోనులో ఎవరితోనో వాదిస్తున్నాడు. ఏం తింటున్నాడో అతనికే తెలియదనుకున్నాను. మాట మధ్యలో ఆగాడు. ఫోను చెవి నుంచి దించి, "ఇవి ఇంకొంచెం వెయ్యండి" అని కంచం ముందుకు జరిపి, మళ్ళీ వాదనలో పడ్డాడు. నా వైపు చూడనైనా లేదు. నేనెవరో అతనికి తెలియదు. అప్పుడు నాకు ఆకలేసింది. పప్పుచారు రెండుసార్లు వేయించుకున్నాను.

లేచి డబ్బా కోసం చెయ్యి చాపితే అక్క దాన్ని తుడిచి గూట్లో పెట్టేసింది. "డబ్బా గీడనే ఉండనీ చెల్లె. మల్ల తెచ్చి గిండ్లనే నింపుదువు."

తిన్నగా ఇంటికి వెళ్ళలేదు. ఎర్రగడ్డ వెళ్ళి, చెయ్యి తెల్లబడేంత బూడిదున్న కాయ ఏరి తెచ్చాను. ఇంటి ముందు మళ్ళీ ఏవో వ్యాన్లున్నాయి. కాయను మెట్టు మీద పెట్టలేదు. ఆయాసపడుతూ పైదాకా మోశాను.

పెళ్ళి నుంచి అప్పుడే వచ్చిన మావారు కాయను చూసి, పద్ధతి తెలిసిన మనిషి కనక, కత్తి కోసం లేచారు.

"నువ్వు కూర్చోరా" అన్నారు అత్తయ్యగారు. "అమ్మాయ్, ఆ రాజుగారు ఎక్కడుంటారో కనుక్కో. చెయ్యి మంచిది."